నాలుగు సెకన్ల మరపు

చిరంజీవి మా అమ్మాయికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. బట్టలుతికే మిషన్ ఒక్కటే కులాసాగా లేదు, దాని సంగతి కింద రాస్తాను. నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప ఇంత దూరం నుంచి నేను చేయగలిగేదీ లేదు. మీ గేటు దగ్గర ఈ కవరు విప్పి చదివే వారెవరో, వారికీ నమస్కారాలు. ఇందులో రహస్యాలేమీ లేవు. అంకెలన్నీ త్వరలో మీ యూనిట్‌కు రాబోయే కాగితంలో ఉన్నవే. మిగతాది ఇంటి గొడవ.

నీ ఉత్తరం గురువారం అందింది. మూడు పేజీల్లో రెండు పేజీలు తిట్లే. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకునే చోట ఉద్యోగం చేస్తే, తిట్టాలన్నా కూర్చుని, కలం తీసి, కుదురుగా తిట్టాలి. అందుకేనేమో చాలా చక్కగా తిట్టావు. మీ నాన్న బడి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గట్టిగా చదివి వినిపించారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. "సరిగ్గా మంగళవారం నాకు ఎగిరే పరీక్ష అనగా, సోమవారం విమానాలన్నిటినీ నేల మీద కూర్చోబెట్టారు. ఇది ఆఫీసులో కూర్చునే ఏ కుర్చీ పురుగు చేసిన పనో కనుక్కో అమ్మా, ఆయన మొహం మీదే నాలుగు మాటలు అడగాలి" అని నువ్వు రాసిన చోట ఆయన ఆగి, కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు. నేను తలెత్తలేదు. ఉల్లిపాయలు మాత్రం ఆ రోజు అవసరానికి మించి తరిగాను.

ఆ కుర్చీ పురుగు సంగతి చివర్లో రాస్తాను. ముందు మిగతా ప్రశ్నలకు జవాబులు.

మీ నాన్న మోకాలి గురించి అడిగావు. అలాగే ఉంది. లిఫ్టు పాడై మూడు వారాలైంది, మనమేమో నాలుగో అంతస్తు. ప్రతి అంతస్తులోనూ ఆగి, గోడ మీద అంటించిన నోటీసులు శ్రద్ధగా చదువుతారు. మోకాలు నొప్పి అని ఒప్పుకోరు. రెండో అంతస్తు నోటీసు ఇప్పుడాయనకు కంఠతా వచ్చు. డాక్టరు బరువు తగ్గమన్నాడు. "డాక్టరు నా కన్నా లావుగా ఉన్నాడు, ముందు ఆయన్ని తగ్గమను" అంటారు. ఇదీ వరస.

బట్టల మిషన్ నడక నేర్చుకుంది. నీళ్లు పిండే దశకు వచ్చేసరికి గోడ దగ్గర నుంచి బయల్దేరి, గడగడలాడుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. కింది ఇంటావిడ రెండుసార్లు పైకి వచ్చి వెళ్లింది. "యుద్ధ విమానాలు ఊగకుండా చూసే మనిషి ఇంట్లో బట్టల మిషన్ షికారుకు వెళుతోంది" అని మీ నాన్న బడిలో పంతుళ్లందరికీ చెప్పి నవ్వించారట. రిపేరు చేసేవాడు వచ్చి నాలుగు కాళ్లకింద అట్టముక్కలు మడిచి పెట్టి, సమంగా ఉందని చెప్పి పోయాడు. కాళ్లు సమంగా లేకపోవడం కాదు, లోపల తొట్టిని పట్టుకునే స్ప్రింగు అలిసిపోయింది. చెప్తే వినలేదు. "మీకేం తెలుసమ్మా" అన్నాడు. ఆ మాట నాకు కోపం తెప్పించాల్సింది. ఈ మధ్య తెప్పించడం లేదు.

రిటైరయ్యాక ఏం చేస్తావని అడిగావు. ఇంకా రెండు నెలలుంది. ఆఫీసులో సభ పెడదామనుకున్నారు. చెక్కతో విమానం బొమ్మ చేయించి, దాని కింద నా పేరు చెక్కించి ఇవ్వాలని అనుకున్నారు. బొమ్మ తయారైంది, నేను చూశాను కూడా. తోక కాస్త పొట్టిగా చెక్కాడు. సభ ఉంటుందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు.

నీ ఉత్తరంలో నవ్వు తెప్పించిన ముక్క ఒకటుంది. మెస్‌లో అందరిలోకీ చిన్నదానివని, వచ్చిన ప్రతి కాగితమూ భోజనాల దగ్గర నీచేతే చదివిస్తున్నారని, తువ్వాలు పోయిందన్న ప్రకటన కూడా లేచి నిలబడి చదవాల్సి వచ్చిందని రాశావు. ఆ ముక్కే రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక దీనికి ముందు ఉత్తరంలో నువ్వడిగిన ప్రశ్న. అప్పుడు "తర్వాత చెప్తాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇలా రాశావు: "దిగేటప్పుడు మలుపు ముగించి రెక్కలు సమం చేశాక కూడా ముక్కు లోపలి వైపుకే పోతుందమ్మా, పక్కన ఎవరో కూర్చుని లాగినట్టు. రెండు మూడు సెకన్లు అంతే. అందరం ఆలోచించకుండానే అవతలి కాలు కొంచెం తొక్కేస్తాం. ఇది దీని స్వభావం అంటారు మా గురువుగారు. నిజమేనా?"

నిజం కాదు. కానీ ఇది చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. చిన్నప్పుడు నువ్వు అడిగితే "తోక ఊపకుండా చూస్తాం" అనేదాన్ని. నువ్వు బడిలో మా అమ్మ కుక్కల డాక్టరు అని చెప్పి వచ్చావు. ఆ తర్వాత నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు నేను చేసిన పెట్టెనే వెనక పెట్టుకుని ఎగురుతున్నావు గనక వినాలి.

మీ విమానం లాంటి వాటికి రెక్కలు పొట్టి, వెనక్కి వాలి ఉంటాయి. గాలి ఒక పక్కనుంచి నెడితే ముక్కు పక్కకు పోతుంది. దాంతో ఒక రెక్క లేస్తుంది. రెక్క లేవగానే ముక్కు ఇటు వస్తుంది. అలా ముక్కూ రెక్కలూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ ఊగుతూనే ఉంటాయి. పైలట్ కాలితో ఆపుదామంటే, కాలు ఎప్పుడూ అర సెకను ఆలస్యం, ఆపబోయి ఇంకా ఊపుతుంది. అందుకని మా పెట్టె. ముక్కు ఎంత వేగంగా పక్కకు తిరుగుతోందో అది కొలుస్తుంది, తోక మీద నిలువుగా ఉండే చుక్కానిని దానికి ఎదురు వైపు కొంచెం వంచుతుంది. కొంచెమంటే ఐదు డిగ్రీలు, అంతకు మించి దానికి అధికారం లేదు. పైలట్‌కు చెప్పదు. అతని కాలి కింది పెడల్ కదలదు.

చిక్కేమిటంటే, పైలట్ కావాలని మలుపు తిప్పినా ముక్కు తిరుగుతుంది కదా. అది కావాలని తిప్పినదో, గాలి తిప్పినదో పెట్టెకు తెలియదు. రెంటినీ ఒకేలా అడ్డుకుంటుంది. కాబట్టి దానికి మరిచిపోవడం నేర్పాం. ఏ తిరుగుడైనా ఆగకుండా అలాగే సాగుతుంటే, అది పైలట్ ఇష్టం అనుకుని మరిచిపోవాలి. వచ్చి పోయే ఊపును మాత్రం పట్టుకోవాలి. ఎంత సేపట్లో మరిచిపోవాలన్నది నేను తేల్చాను. రెండు సెకన్లయితే ఊపును కూడా మరిచిపోతోంది. ఎనిమిదైతే మలుపులో విమానం మొండికేస్తోందని పరీక్షించే పైలట్లు విసుక్కున్నారు. నాలుగు బాగుందన్నారు. ఆ నాలుగు నాది. డ్రాయింగులో ఆ అంకె పక్కన నా పొడి అక్షరాలున్నాయి. పంతొమ్మిదేళ్లుగా అటు వెళ్లినప్పుడల్లా వాటిని ఒకసారి చూసుకునేదాన్ని, గర్వంగానే.

నీ ప్రశ్న వచ్చిన రోజు ఆఫీసులో మధ్యాహ్నం టీ తాగుతూ నీ కవరు వెనకవైపు గీతలు గీశాను. మొదట నిన్ను సరిదిద్దుదామనే మొదలుపెట్టాను. కాలు బరువుగా పెడుతున్నావేమో, చిన్నప్పటి నుంచీ నీది దుడుకు కాలు. మూడో గీత దగ్గర టీ చల్లారిపోయింది. మలుపులో ఉన్నంతసేపూ మా పెట్టె ఆ తిరుగుడుని మరిచిపోయి కూర్చుంటుంది. దానికి అదే నిలకడ. నువ్వు రెక్కలు సమం చేసి తిరగడం ఆపగానే, దాని లెక్కలో విమానం అవతలి వైపుకు తిరగడం మొదలెట్టినట్టు. వెంటనే చుక్కానిని పాత మలుపు వైపుకు వంచుతుంది. మలుపును మరవడానికి నాలుగు సెకన్లు పడితే, మలుపు అయిపోయిందన్నది తలకెక్కడానికీ మళ్లీ అంతే పడుతుంది. నిన్ను లాగుతున్నది అదే.

ఇది మాకు తెలియనిది కాదు. పై ఎత్తున ఎగిరేటప్పుడు దానివల్ల ఏమీ కాదు, నాలుగు సెకన్లకు సర్దుకుంటుంది. నేల దగ్గర కూడా ఏమీ కాదని రాశాం. ఎందుకు రాశామంటే, మా పరీక్షల ఫారంలో "దిగుట: రెక్కలు సమం, తిన్నగా" అని అచ్చేసి ఉంటుంది. ఎవరు అచ్చేయించారో, ఎప్పుడో, ఎవరికీ తెలియదు. మా పరీక్షా మైదానంలో రన్‌వే ముందు చాలా దూరం ఖాళీ. అందరూ దూరం నుంచి తిన్నగా దిగుతారు, నేల తాకేసరికి పెట్టె ఎప్పుడో అన్నీ మరిచిపోయి ఉంటుంది. మీరలా దిగరు. రన్‌వే మీదుగా వచ్చి, పక్కకు విరిగి, ఒక్క వంపులో కిందికి జారి, అంచు దగ్గర రెక్కలు సమం చేసి దించేస్తారు. మీ అందరికీ తెలుసు, ప్రతి యూనిట్‌లోనూ అంతే. నాకూ తెలుసు, సినిమా చూసినట్టు ఎన్నోసార్లు చూశాను. కానీ ఆ వంపు ఫారంలో లేదు. ఫారంలో లేనిది మా లెక్కలోకి రాలేదు.

మర్నాడు సిమ్యులేటర్ గదిలో కూర్చున్నాను. అక్కడి ఆపరేటరు ఇరవై ఏళ్లుగా నన్ను ఎరిగినవాడు. "వంకర దిగుడు పెట్టండి" అంటే "ఫారంలో ఎక్కడ రాయను మేడమ్?" అని అడిగాడు. "ఇతర విషయాలు" అన్న గడిలో రాయించాను. నలభై సార్లు వంపులో దించాం. ఎడమ మలుపు, ఎడమ నుంచి గాలి, తడి రన్‌వే, ఈ మూడూ కలిస్తే, నలభైలో ఆరుసార్లు విమానం గడ్డిలోకి పోయింది. ఆపరేటరు లేచి వెళ్లి కిటికీ తీశాడు.

నాకు భయం వేసింది. నా పని గురించి కాదు, నీ గురించి. అప్పటికి నీకు మంగళవారం పరీక్ష అని తెలుసు, మీ దగ్గర వానలు పడుతున్నాయని తెలుసు. అదే రోజు కాగితం రాసుకుని మా డైరెక్టరు గదికి వెళ్లాను. ఆయన మొత్తం చదివి, కుర్చీలో వెనక్కి వాలి, "రెండు నెలలు ఆగితే మీ సభ అయిపోయేది కదండీ" అన్నారు. మంచి మనిషే, ఎగతాళికి అనలేదు.

"అంత వరకూ వీళ్లు దిగకుండా ఉంటారా?" అన్నాను.

"తప్పు మీదేనని రాసిస్తారా మరి?"

"రాసే తెచ్చాను. ఆఖరి పేజీ చూడండి."

సోమవారం పొద్దున్న ఆర్డరు మీకు చేరింది. కాబట్టి, ఆ కుర్చీ పురుగు మొగపురుగు కాదు. నాలుగు మాటలు అడగాలన్నావు కదా, సెలవు దొరికినప్పుడు రా. వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంటాను, అడుగు. నీ పరీక్ష పోయినందుకు నాకు బాధగానే ఉంది. ఏడాది నుంచి దానికోసం ఎంత తంటాలు పడ్డావో తెలుసు. మరమ్మతు పెద్దదేమీ కాదు. రెక్కల వాలును బట్టి మలుపు ఎంతో పెట్టెకు ముందే చెప్పేస్తే సరిపోతుంది. మూడు వారాలు, మహా అయితే నాలుగు.

ఇంత వరకూ రాసి, కలం పక్కన పెట్టి, మొక్కలకు నీళ్లు పోసి వచ్చాను. ఇక్కడితో ముగించవచ్చు. మంచి పని చేసిన తల్లి ఉత్తరంలా ఉంటుంది. కానీ సగమే అవుతుంది.

మీ రన్‌వే పక్కన గడ్డిలో ఒక చోటు ఉంది కదా, దాన్ని మీరంతా "గడ్డి కెప్టెన్ బంగళా" అంటారు. సరిగ్గా దించనివాళ్ల గ్లాసులో ఆ పూట మెస్‌లో ఒక గడ్డిపరక పెడతారు. నువ్వు చేరిన కొత్తలో ఈ ఆట గురించి సరదాగా రాశావు. నీ గ్లాసులో రెండుసార్లు పెట్టారని, నువ్వు ఒకరి గ్లాసులో పెట్టావని. ఆ గడ్డి కెప్టెన్ ఎవరో మీలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

పదకొండేళ్ల కిందట ఒక వాన మధ్యాహ్నం ఆయన అక్కడ దిగుతూ రన్‌వే దాటి గడ్డిలోకి పోయాడు. చక్రం విరిగింది, ఆయన తుంటి ఎముకా విరిగింది. విచారణ సంఘంలో సాంకేతిక సభ్యురాలిని నేను. విమానంలోని రికార్డరులో చుక్కాని నాలుగు డిగ్రీలు ఎడమకు వంగి ఉందని నమోదైంది. ఆ విమానాల్లో పెడల్‌ను విడిగా నమోదు చేసే ఏర్పాటు లేదు. చుక్కానిలో పెట్టె వాటా ఎంత, కాలి వాటా ఎంత అని వాళ్లు నన్ను అడిగారు. నేను తిన్నగా దిగే లెక్క వేసి, పెట్టె వాటా సున్న అని రాశాను. అంటే నాలుగూ కాలివే. "పైలట్ అనవసరంగా ఎడమ కాలు తొక్కుట వలన" అన్న వాక్యం నాది. దాని కింద సంతకం నాది.

ఆయన మాత్రం తన కాలు కుడి వైపే ఉందన్నాడు. చాలాసార్లు అన్నాడు. "ఎవరో పక్కన కూర్చుని లాగినట్టు" అని అన్నాడు, అచ్చంగా నీ మాటే. ఒకే సీటున్న విమానంలో పక్కన కూర్చున్నదెవరని అధ్యక్షుడు అడిగితే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అంతటితో ఆగలేదు, ఆ సాయంత్రం ఇంట్లో అన్నాల దగ్గర ఆ జోకు మీకు చెప్పాను. నీకప్పుడు పదమూడేళ్లు. పొలమారేదాకా నవ్వావు. అందులో నీ తప్పు లేదు, చెప్పిన దానిది.

ఇప్పుడు మళ్లీ లెక్క కట్టాను. పెట్టె ఐదు డిగ్రీలు ఎడమకు వంచింది. ఆయన కాలు ఒక డిగ్రీ కుడికి లాగింది. మిగిలింది నాలుగు. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు నిజం.

ఇది మీ నాన్నకు చెప్పాను. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నారు, అయినా చెప్పాను. అంతా విని చాలాసేపు మోకాలు నిమురుకున్నారు. లెక్కల మాస్టారు కదా, చివరికి ఒకే ప్రశ్న వేశారు.

"అదే మాట ఆయన పదకొండేళ్ల కిందట చెప్పాడంటున్నావు. అప్పుడు కవరు వెనక గీతలు గీయలేదేం?"

"అప్పుడు తోచలేదు."

"ఇప్పుడెలా తోచింది?"

ఆయన జవాబు కోసం ఆగకుండా లేచి టీ పెట్టారు. జవాబు నీకు రాస్తున్నాను. ఇప్పుడు చెప్పింది నా కూతురు. నలభై సార్లు సిమ్యులేటర్‌లో దించింది నిన్ను. పదకొండేళ్ల పాటు ఆ విమానాల్లో దిగినవాళ్లంతా ఎవరో ఒకరి పిల్లలే, వాళ్ల కోసం ఒక్కసారి కూడా ఆ కాగితం తీసి చూడలేదు. అది నా బల్ల సొరుగులోనే ఉంది, తాళం కూడా వేసి లేదు. ఇందుకు నాకు సిగ్గేసింది. తప్పు లెక్క వేసినందుకు కన్నా ఎక్కువ సిగ్గేసింది.

శనివారం పొద్దున ఆ కెప్టెన్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. టైర్ల దుకాణం వెనక ఖాళీ స్థలంలో కారు నడపడం నేర్పుతున్నాడు. రబ్బరు శంకువులు వరుసగా పెట్టి ఉన్నాయి. కొంచెం కుంటుతున్నాడు. నేర్చుకోవడానికి వచ్చానని చెప్పాను, అబద్ధం కూడా కాదు, నాకు కారు రాదని నీకు తెలుసు. పేరు అడిగాడు. చెప్పాను. రాస్తున్నవాడు కలం ఆపి, నా మొహం చూసి, మళ్లీ పూర్తిగా రాశాడు.

"కూర్చోండి. ఇటు కాదు, స్టీరింగ్ దగ్గర."

కూర్చున్నాను. ఆ కారులో ఆయన వైపు కూడా క్లచ్, బ్రేకు ఉన్నాయి, నేర్చుకునేవాళ్లు గోడకు గుద్దకుండా.

"విమానాలు నడిపేవాళ్ల మీద తీర్పులు చెప్తారు, కారు రాదా?"

"రాదండీ."

"సరే. ఎడమ కాలు క్లచ్ మీద. మెల్లగా వదలండి. మెల్లగా అంటే మెల్లగా."

మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది. రెండో శంకువు దాటుతుండగా కారు టక్కున ఆగింది.

"ఇప్పుడు బ్రేకు తొక్కిందెవరు?" అన్నాడు.

"మీరు."

"మీరు నా కాళ్ల వైపు చూడలేదుగా. ఎలా తెలిసింది?"

"నేను తొక్కలేదు కాబట్టి."

ఆయన అద్దంలోంచి ముందుకే చూస్తూ, "నేనూ ఆ రోజు మీకు అదే చెప్పానండీ" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఫారం, వంపు, నాలుగు సెకన్లు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు, అన్నీ. చెప్పడం అయ్యాక "క్షమాపణ అడగడానికి వచ్చారా?" అన్నాడు.

"అడిగే మొహం లేదు. చెప్పాలని వచ్చాను."

"ఇన్నేళ్ల తర్వాత ఎలా తెలిసింది?"

నీ ముందటి ఉత్తరం సంచిలోనే ఉంది. ఆ ప్రశ్న ఉన్న వాక్యాలు చదివాను. "మళ్లీ చదవండి" అన్నాడు. మళ్లీ చదివాను. "పక్కన ఎవరో కూర్చుని" అన్న చోట తల ఊపాడు. మూడోసారి ఉత్తరం తనే తీసుకుని చదువుకుని, మడత పాడవకుండా తిరిగిచ్చాడు.

"ఆ గడ్డి ఆట ఇంకా ఆడుతున్నారా?" అని అడిగాడు. ఆయనకు తెలుసని నాకు తెలియదు.

"ఆడుతున్నారు."

"మీ అమ్మాయి కూడానా?"

"ఒకసారి ఆడింది."

కొంచెం నవ్వాడు. కోపం కనబడలేదు. కనబడితే బాగుండేది, నాకు తేలికయ్యేది. తర్వాత అన్నాడు: "మీ కాగితం నాకు పంపకండి, నాకు తెలిసిందే. అప్పుడు నా తప్పని ఆ మెస్‌లో అందరి ముందూ చదివారు. ఇదీ అక్కడే చదవమనండి. అదొక్కటి చాలు." వాచీ చూసుకుని, "ఇక కానివ్వండి, ఇంకా ఇరవై నిమిషాలుంది మీకు. క్లచ్ తొక్కండి" అన్నాడు.

విచారణ తీర్పు సవరించమని రాసిచ్చాను. డైరెక్టరు పైకి పంపారు, మొన్న ఒప్పుకున్నారు. చెక్క విమానం ఇంకా బీరువాలోనే ఉంది. వచ్చే వారం ఆ కాగితం మీ యూనిట్‌కు వస్తుంది. మీ మెస్‌లో భోజనాల దగ్గర చదువుతారు. అందరిలోకీ చిన్నదానివి నువ్వు. కాగితం చేతికి వచ్చాక, అందరి ముందూ నిలబడ్డాక నువ్వు ఇది తెలుసుకోవడం నాకు ఇష్టం లేక ఈ ఉత్తరం ముందుగా రాస్తున్నాను.

వేరేవాళ్ల చేత చదివించమని అడగవచ్చు, తల్లి పేరుంది అంటే ఎవరూ కాదనరు. నేను మాత్రం నువ్వే చదవాలంటాను. కాగితంలో మొదటి పేరాలో ఆయన అసలు పేరు, హోదా ఉంటాయి. అవి అందరికీ వినబడేలా చదువు, అక్కడ ఇప్పుడున్నవాళ్లెవరూ ఆ పేరు విని ఉండరు. రెండో పేరాలో నా పేరు వస్తుంది. అక్కడ గొంతు తగ్గించకు.

చదవడం అయ్యాక ఇంకొక పని. ఆ పూట ఎవరి గ్లాసులోనూ ఏమీ పెట్టకండి, ఇక ముందు కూడా వద్దని మీవాళ్లకు చెప్పు. ఆయన దిగిన చోటికి నువ్వొక్కదానివే వెళ్లి, ఒక్క గడ్డిపరక కోసి, కవరులో పెట్టి నాకు పంపు. పదకొండేళ్లుగా అది తప్పు గ్లాసుల్లోకి వెళుతోంది.

ఇట్లు,
రెండో పేరాలో ఉండే
మీ అమ్మ